ఇద్దరు దమయంతులు

మంజులకు కామాలంటే భయం లేదు, కామాలకే మంజులంటే భయం అని మా స్టాఫ్‌రూంలో అనుకునేవాళ్లం. నారాయణగూడ కాలేజీలో ఆమె పోషకాహారం చెప్పేది, నేను కెమిస్ట్రీ. ప్రశ్నపత్రంలో ఒక్క చుక్క తక్కువైనా అచ్చువాళ్లకు తిప్పి పంపే మనిషి. పుట్టింది నల్లకుంటలో, మెట్టింది అశోక్‌నగర్‌లో. ఆ మాత్రం దూరానికి ఆటోవాడు కూడా రానంటాడు. మాట నెమ్మది గానీ పట్టు మాత్రం ఉడుంపట్టు.

ఆ పట్టుతోనే అత్తగారి మందులు, పిల్లల పరీక్షలు, బందులు, సమ్మెలు అన్నిటి మధ్యా పీహెచ్‌డీని లాక్కొచ్చింది. 2012 నాటికి యూనివర్సిటీ ఇచ్చిన గడువులన్నీ అయిపోయి చివరి పొడిగింపు ఒక్కటే మిగిలింది. అది తీరే నెలాఖరులోగా ఆమె వ్యాసాన్ని వేసుకుంటామని ఏదైనా జర్నల్ రాసివ్వాలి. లేకపోతే థీసిస్ తీసుకోరు. ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

వ్యాసం జొన్న అంబలి గురించి. అంబలిలో ఇనుము బోలెడంత ఉంటుందని 1979లో దమయంతి అనే పరిశోధకురాలు రాశారు. ఆ లెక్కనే ఇప్పటికీ అందరూ ఎత్తి రాసుకుంటున్నారు. 1986లో అదే దమయంతి మళ్లీ పరీక్షించి, ఆ ఇనుము జొన్నది కాదు, అంబలి కాచిన ఇనుప కడాయిది అని తేల్చారు. రాసినావిడే వెనక్కి తీసుకున్న లెక్కను ఇంకా ఎందుకు మోస్తున్నారు అన్నది మంజుల వాదన. అయితే రెండో వ్యాసంలో ఆవిడ ‘నేను’ అని రాయలేదు, ‘ఇదివరకటి అధ్యయనం’ అని ఊరుకున్నారు. శాస్త్రంలో నేను అనకూడదట! రెండూ రాసింది ఒకరేనని మంజులకు చెప్పింది ఆమె పాత గైడ్. ఆయన పోయి రెండేళ్లయింది.

జర్నల్ వాళ్లు వ్యాసం బాగుందన్నారు, కానీ చివరి రిఫరెన్సులు తమ పద్ధతిలో లేవని తిప్పి పంపారు. మంజుల మన అలవాటు ప్రకారం ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం, దాని వెనక పేరు రాసింది. వాళ్లకు ఇంటిపేరు పూర్తిగా ముందు కావాలి, పేరు పొడి అక్షరమైపోవాలి. నా ఒళ్లు మండిపోయింది. మనిషిని పేరుతో పిలిచే ఊళ్లో ఈ గోలేమిటి? మంజుల మాత్రం చిరునవ్వుతో ఒప్పుకుంది. కరెంటాఫీసులో పనిచేసే ఆమె భర్త రాజశేఖర్ పాత పత్రికలు ముందేసుకుని ఒక్కొక్కరి ఇంటిపేరూ వెతికి చదువుతుంటే ఆదివారమంతా కూర్చుని టైపు చేసింది. ఎక్కడ కామా, ఎక్కడ చుక్క, ఏది వాలు అక్షరం అని చూసుకుంటూ ఒక్కటి మాత్రం చూసుకోలేదు. అంతకుముందు పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు దమయంతుల్లో ఒకరు చింతల డి. అయి జాబితా మొదట్లోకి, ఇంకొకరు మామిడి డి. అయి నడుమకు పోయారు.

సంపాదకుడి జవాబు రానే వచ్చింది. ‘మీరు ఒక్కరే అంటున్న రచయిత్రి మీ జాబితాలో ఇద్దరుగా ఉన్నారు. ఆధారమైనా చూపండి, ఆ వాదనైనా తీసేయండి.’

“ఆ వాదన తీసేస్తే ఇంక వ్యాసంల ఏం మిగుల్తది అక్కా?” అంది మంజుల. స్టాఫ్‌రూంలో అందరి ముందూ ఏడవకూడదని టిఫిన్ డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉంది.

“దమయంతి గారినే అడుగు.”

“ఏడున్నరో! అసలు ఉన్నరో లేరో!”

సంగతి విని రాజశేఖర్ నవ్వాడట. “చింతలోల్ల ఆడపిల్లను మామిడోల్లకు ఇచ్చిండ్రు, గంతే గదా? గిది యూనివర్సిటీల దొర్కదు, మా పిన్నికి ఎరుకైతది” అని నల్లకుంట పిన్నికి ఫోన్ కొట్టాడు. పిన్ని విద్యానగర్ వియ్యపురాలిని అడిగింది, ఆవిడ ఇంకెవరినో అడిగింది. మర్నాటి సాయంత్రానికి బర్కత్‌పుర నంబరొకటి చేతికొచ్చింది. ఆ సమయానికి నేనూ అశోక్‌నగర్‌లో వాళ్లింట్లోనే ఉన్నాను. రాజశేఖర్ స్పీకర్ పెట్టి మాట్లాడాడు.

“నమస్తే మేడం. మీ పుట్టింటి ఇంటిపేరు ఏందో జర చెప్తరా?”

అటునుంచి ఎదురు ప్రశ్న వచ్చింది. “పిలగాడు ఏం జేస్తడు?”

“ఏ పిలగాడు మేడం?”

“సంబంధానికే గదా బాబూ అడుగుతున్నవు? మా చిన్నబిడ్డ ఇంక పీజీల ఉన్నది. ఇప్పుడే చెయ్యం.”

మంజుల ఫోన్ లాక్కుంది. “మేడం, సంబంధం కాదు. జొన్న అంబలి.”

“ఏ అంబలి? కడాయి అంబలా?”

మంజుల ఉన్నచోటనే నేల మీద చతికిలబడిపోయింది. మొహమంతా నవ్వు. నాకైతే గుండెల మీంచి బండ దించినట్టయింది.

మర్నాడు కాలేజీ కాగానే బర్కత్‌పుర వెళ్లాం. దమయంతి గారు సన్నగా, చురుగ్గా ఉన్నారు. చాయ్ ఇచ్చి, మేం అడక్కముందే మొదలుపెట్టారు.

“హాస్టల్ వంటింట్ల గిన్నె దొరక్కపోతే కడాయిల కాసిన. పులిసిన అంబలాయె, ఇనుము దిగదా మరి? పెండ్లయినంక గానీ తెల్వలేదు నాకు. మల్ల చేసి రాసిన. అప్పటికి ఇంటిపేరు మారె. ఒకపారి మీటింగుల ఒకాయన వచ్చి, ‘ఎవరో మామిడి దమయంతంట, మీ పనిని తప్పు పట్టింది, పరేషాన్ కాకుండ్రి’ అని నన్ను ఓదార్చిండు.”

మేం పడీ పడీ నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు గానీ వెంటనే ఆపేశారు.

“అది నేనే అని చెప్పిన. ఇని మర్చిపోయిండు. అందరు మొదటిదే రాసిండ్రు. ఎవరన్న గది నమ్మి, ఇనుము కోసమని పసిపిల్లలకు ఉత్త అంబలే పట్టిస్తుండ్రేమో అని నాకు గుబులు.”

ఆ రెండు వ్యాసాలూ తనవేనని తన చేత్తో రాసి సంతకం పెట్టారు. పెళ్లికి ముందు ఇంటిపేరు తెలిసేలా తన పాత డిగ్రీ పట్టా నకలు కూడా జతచేశారు. అశోక్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్లో, పరీక్షల దరఖాస్తుల కోసం బారులు తీరిన పిల్లల మధ్య నిలబడి వాటిని పంపించాం. వారం తిరక్కుండా వ్యాసం వేసుకుంటున్నామని జవాబొచ్చింది. యూనివర్సిటీలో థీసిస్ మీద గుమాస్తా ముద్ర గుద్దుతుంటే మంజుల మామూలుగానే ఉంది, కళ్లు తుడుచుకున్నది నేను.

జర్నల్ అచ్చయి వచ్చాక ఒక ప్రతి పట్టుకుని మళ్లీ బర్కత్‌పుర వెళ్లాం. దమయంతి గారు వ్యాసం చదవలేదు. పేజీలు తిప్పి నేరుగా చివరికి వెళ్లారు. మామిడి డి. అన్న చోట, ‘చింతల డి. వీరే’ అని మంజుల వేయించిన చిన్న మాట ఉంది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని దాన్ని రెండుసార్లు పైకి చదివారు.

“నా తప్పు నేనే దిద్దుకున్ననని ఇగ అందరికీ తెలుస్తది బిడ్డా” అని మంజుల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.