ఇంటికో సంతకం చాలదు

పోయిన ఏడాది వేసవి. సియాటిల్ శివారులోని నా ఇండియన్ గ్రోసరీ కౌంటర్ మీద, కరివేపాకు కట్టల పక్కన ఒక క్లిప్‌బోర్డు పెట్టాను. రాష్ట్రం వేసే ప్రాపర్టీ టాక్స్ ఏటా ఒక హద్దు దాటి పెరగకూడదనే ఇనిషియేటివ్ కాగితం అది. అంటే, తగినన్ని ఓటర్ల సంతకాలు వస్తే జనమే నేరుగా బ్యాలెట్ మీదికి ఎక్కించే ప్రతిపాదన. నా కొట్టుది ట్రిపుల్ నెట్ లీజు: అద్దెతో పాటు బిల్డింగు పన్నూ అద్దెకున్నవాళ్లే కట్టుకోవాలి. అంతకుముందు ఏడాది పెరిగినట్టు ఇంకోసారి పెరిగితే షట్టర్ దించడమే. అందుకే, సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ప్రభుత్వంతో బేరానికి దిగాను.

తెనాలిలో మా నాన్న కిరాణా కొట్టులో పెరిగినదాన్ని. కొసరు వస్తుంటే వద్దనడం నాకు చేతకాదు. పాత ఖాతాదారు మూర్తిగారు సంతకం చేసి, కింద మరో మూడు గళ్లు నింపుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

"మా ఆవిడా, పిల్లలూనమ్మా. అందరూ సిటిజన్సే. మళ్లీ వాళ్లందరూ రావడం ఎందుకు?"

ఒకటి అడిగితే నాలుగు. సంతోషం పట్టలేక ఆయన సంచిలో కొత్తిమీర కట్ట ఊరికే పడేశాను.

మర్నాడు ఆయన భార్య శారదగారు పెరుగు కోసం వచ్చారు. ఆవిడ పబ్లిక్ స్కూల్లో టీచర్‌కి సహాయకురాలు. క్లిప్‌బోర్డు చూసి ఆగారు.

"నా పేరెవరు రాశారు?"

"సారే..."

"నా కాఫీలో చక్కెర ఎంతో కూడా ఆయనే చెప్తారు, సరే. నువ్వెలా తీసుకున్నావు పద్మా? మా స్కూలు నడిచేది ఈ పన్నుతోనే. నేనైతే చచ్చినా సంతకం పెట్టను."

ఇంకొకరి పేరు రాయడం నేరమని కాగితం మీదే అచ్చువేసి ఉంది. చదవకపోలేదు, చదివి కూడా కొసరుకి ఆశపడ్డాను. నన్నడక్కుండా నా జేబులో చెయ్యి పెట్టొద్దని పోరాడుతూ, ఆవిణ్ణి అడక్కుండా ఆవిడ పేరు పుచ్చుకున్నాను.

ఆవిడ ఎదుటే మూడు గళ్లూ కొట్టేశాను. సాయంత్రానికి మూర్తిగారు దిగారు.

"ఇంటికో సంతకం చాలదా? నీ మేలు కోరే కదా రాశాను."

"ఇది రేషన్ కార్డు కాదు సార్. ఎవరి చెయ్యి వాళ్లదే."

"అయితే నెలనెలా నీ దగ్గర కొనే మా సత్సంగం సరుకులు ఇంకోచోట చూసుకుంటాం."

"చూసుకోండి. మీ సంతకం ఉంచనా, అదీ కొట్టేయనా?"

ఆయన నావైపు, కాగితంవైపు చూశారు. "ఉంచు," అని వెళ్లిపోయారు.

ఆ రోజే పెన్నుకి పురికొస కట్టి కౌంటరుకి ముడేశాను. సంతకం పెట్టాలంటే ఎవరికి వాళ్లు అక్కడిదాకా వచ్చి, నా కళ్లముందే ఒక్క గడి నింపాల్సిందే. శారదగారు మాత్రం పెరుగుకి వస్తూనే ఉన్నారు.

"అది బ్యాలెట్ మీదికొస్తే 'నో' అనే వేస్తాను, చెప్తున్నా."

"వేయండి. నేను 'యెస్' వేస్తాను. నేనూ తగ్గను."

కొసరు పప్పులో పుచ్చుకోవచ్చు, మనుషుల్లో కాదని ఇన్నేళ్ల కొట్టులో అప్పుడు తెలిసింది. ఇరవై గళ్లూ నిండాక ఆ కాగితాన్ని మూడు కొట్టివేతలతో సహా అలాగే ఇనిషియేటివ్ నడిపేవాళ్లకి ఇచ్చాను. పదిహేడు పేర్లు, పదిహేడు చేతులు.