అతిథుల మరుగుదొడ్డి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను హోసూరు పక్క బాగలూరు దగ్గర ఒక గులాబీల కంపెనీలో పనిచేశాను. ప్లాస్టిక్ కప్పిన షెడ్లలో పూసిన గులాబీలను కాడ పొడవును బట్టి వేరుచేసి కట్టలు కట్టడం మా పని. ఇరవైమందికి పైగా ఆడవాళ్ళం. మాకు మరుగుదొడ్డి లేదు. ఆఫీసు పక్కన తెల్ల టైల్స్ వేసి, అద్దం పెట్టినది ఒకటుండేది. అది బెంగళూరు నుంచి పూలు కొనడానికి వచ్చే వాళ్ళకు.

మా సూపర్‌వైజరు సెంటు పూసుకొని వచ్చేవాడు. తన పేగుల్లోనూ అదే ఉందని అనుకునేవాడేమో. ఎవరైనా అడిగితే, "అదంతా ఇంట్లోనే ముగించుకొని రావాలమ్మా. ఈడ పూల పని," అనేవాడు.

అత్తిముగం నుంచి వచ్చే ఒక అక్క నా బల్ల దగ్గరే నిలబడేది. తెల్లవారి ఐదున్నరకే కంపెనీ వ్యాను ఎక్కాలి. ఆ వేళకు ఆమెకు కడుపు కదిలేది కాదు. పది గంటలకు షెడ్డులో కదిలేది. బయట చూస్తే క్యాబేజీ తోటలు, చాటన్నది లేదు. పెదవి కొరుక్కొని ఆపుకునేది. చివరికి నీళ్ళు తాగడం కూడా తగ్గించేసింది.

ఒకరోజు కడుపు పట్టుకొని కూలబడింది. షేర్ ఆటోలో హోసూరుకు నేనే తీసుకుపోయాను. డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి ఎన్నాళ్ళయిందని అడిగింది.

"ఎనిమిది దినాలమ్మా."

"తిన్నది చిన్నపేగు దాటేటప్పుడు గంజి మాదిరి ఉంటాదమ్మా. పెద్దపేగు దాంట్లో నీళ్ళు పీల్చి గట్టి చేస్తాది. కింద నిండినాక పొమ్మని నీకు చెప్తాది. నువ్వు ఆపుకుంటే అది ఆడనే ఉంటాది, పేగు ఇంకా నీళ్ళు పీలుస్తాది. అట్లనే రాయి అయ్యేది. ఊరికే ఆపుతా ఉంటే కొన్నాళ్ళకు చెప్పేది కూడా మానేస్తాది."

ఎనిమా ఇచ్చారు. మూడో రోజు అక్క మళ్ళీ పనికి వచ్చింది. డాక్టరమ్మ మాటలు నేను సూపర్‌వైజరుకు చెప్పాను. అతను జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "పూల దగ్గర అట్లాంటి మాటలు వద్దమ్మా," అన్నాడు. తిండి తినే మనిషేనా ఇతను అనిపించింది. అయినా నోరు మూసుకొని బల్ల దగ్గరికి వచ్చాను. ఆ రోజు నామీద నాకూ గౌరవం లేదు.

ఆ వారమే కొనేవాళ్ళు వచ్చారు. సూపర్‌వైజరు వాళ్ళకు గులాబీలు చూపిస్తున్నాడు. అక్క కత్తెర బల్ల మీద పెట్టి, వాళ్ళ ముందునుంచే నడిచిపోయి, ఆ తెల్ల టైల్స్ గదిలో గడియ పెట్టుకుంది. అతను వెనకే పోయి తలుపు తట్టాడు.

"ఏమమ్మా, బయటికి రా. వాళ్ళు చూస్తా ఉండారు."

"చూడనీప్పా. డాక్టరమ్మ ఆపుకోవద్దని చెప్పినాది. అయినాక వస్తాను."

అతను తలుపు ముందే, కొనేవాళ్ళకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆమె తొందరపడలేదు.

మరునాడు ఆ తలుపుకు తాళం పడింది. ఆమెను తీసేద్దామనుకున్నాడు కానీ ఆమెలా కట్టలు కట్టేవాళ్ళు ఇంకొకరు లేరు. నెల తిరిగేసరికి షెడ్ల వెనక మాకని ఒక గుంత తవ్వించి, చుట్టూ రేకులు నిలబెట్టించాడు. పైకప్పు లేదు, కొళాయి లేదు. దానికే పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మమ్మల్ని చప్పట్లు కొట్టమన్నాడు. కొందరు కొట్టారు. అతను కర్పూరం వెలిగిస్తుండగానే అక్క బకెట్ నీళ్ళు మోసుకొని పక్కనుంచి లోపలికి పోయింది.