ఇచ్చోడలో ఒత్తిన చుక్క

మట్టి పలకల మీద రాసే ప్రాచీన క్యూనిఫాం లిపిలో నక్షత్రం బొమ్మ మేకుల గుంపులా ఎందుకు మారిందో నాకే తట్టిందని మా కాలేజీ పత్రికలో రాశాను. అది అబద్ధం.

నెల్లూరు నుంచి ఆదిలాబాద్ వెళ్తుంటే ఇచ్చోడలో బస్సు ఆగిపోయింది. రోడ్డు పక్కన రజియా బీ అనే ఆవిడ మట్టి పొయ్యిలు చేస్తోంది. నేనో ముద్ద అడిగి తీసుకుని, పుల్లతో నక్షత్రం గీశాను. ఆ లిపిని మొదలుపెట్టిన సుమేరియన్లకు అది ఆకాశం, దేవుడు కూడా అనీ, తర్వాత అక్కాడియన్లు అదే గుర్తును తమ భాషలో చదువుకున్నారనీ చెప్పాను.

“మేమూ గంతే సారూ. ఆకాశాన్ని ఇంట్ల ఆస్మాన్ అంటం, బజార్ల మొగులు అంటం,” అని నవ్వింది. నా గీతలు చూసి, “గీకితే మన్ను లేస్తది. ఒత్తాలె,” అంది.

జొన్నదంటు చీల్చి, ఆ చీలిక అంచు మూలతో మట్టిలో ఒత్తింది. తల వెడల్పు, తోక సన్నం. అచ్చం నా పుస్తకంలోని మేకే! నాలుగైదు ఒత్తులకే చుక్క తయారైంది. దీని గురించి రాస్తానని ఆమెతో అన్నాను. డ్రైవరు హారన్ కొడుతున్నా కదల్లేకపోయాను.

“పుస్తకంల నా పేరు రాస్తరా సారూ?”

“తప్పకుండా రాస్తానమ్మా!” అన్నాను. రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ సంగతి నాకు చూపించింది రజియా బీ. ఇచ్చోడలో పొయ్యిలు చేస్తుంది.