మురీల మంగలంలో వెల్డింగు రాడ్లు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ చేతికి దొరికిన ప్రతి వస్తువుకీ బొట్టు పడేది. ఏరువాక నాడు నాగలికి పసుపు రాసి బొట్టు పెట్టడం అందరూ చేసేదే. ఆవిడ అక్కడితో ఆగేది కాదు. తిరగలికి పెట్టేది, తూకం రాళ్ళకి పెట్టేది, కొత్తగా కొన్న గొడుక్కి పెట్టేది. ఒకసారి ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్టుమాను మంచినీళ్ళు తాగి బయటికి వచ్చేసరికి అతని సైకిలు హ్యాండిలుకి కూడా మూడు బొట్లు ఉన్నాయి. పాపం, అతను ఆ బొట్లతోనే తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ బొట్టే ఒక రోజు మా మావయ్య విదేశీ ఉద్యోగాన్ని ముంచబోయింది. అందులో సగం పాపం నాది.

అరవయ్యో దశకం చివరి మాట ఇది. నాకు తొమ్మిదేళ్ళుంటాయి. చదువు కోసం రాజాం దగ్గర పల్లెలో అమ్మమ్మ ఇంట్లోనే ఉండేదాన్ని. మా ఊరి పొలిమేరలో కొత్తగా గోనె సంచుల మిల్లు కడుతుంటే, అమ్మ తమ్ముడైన మా మావయ్య అక్కడ మొదట ఇనుము మోసి, తరవాత వెల్డింగు నేర్చుకున్నాడు. రెండేళ్ళలో మంచి పనివాడన్న పేరు తెచ్చుకున్నాడు. కొడుకు పని చూద్దామని అమ్మమ్మ మొదటిసారి మిల్లు దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆ వెల్డింగు వెలుగు వైపు ఉత్తి కళ్ళతో చూడకూడదని ఎవరో చెబితే, అయితే ఇది గ్రహణమే అని తేల్చేసి, ఇంటికి వెళ్ళి పళ్ళెంలో పసుపు నీళ్ళు కలిపి తెచ్చుకుంది. పళ్ళెంలో చూస్తూ గంటసేపు కూర్చుంది. ఆ సాయంత్రం ఇంట్లో అందరం పట్టు స్నానాలూ, విడుపు స్నానాలూ చేశాం.

మిల్లు కట్టడం పూర్తి కావస్తోంది. ఇంకో నెల పోతే వెల్డర్లకి పని ఉండదు. మాకున్న చిన్న పొలం చెక్కకి తాతయ్యా పెద్దమావయ్యా ఎక్కువే. మావయ్య మళ్ళీ కూలికి పోవాలి, చేతిలో ఉన్న విద్య తుప్పు పట్టాలి. సరిగ్గా అప్పుడే కువైటు కబురు వచ్చింది. అక్కడ నూనె ట్యాంకులు కట్టే కంపెనీ ఒకటి వెల్డర్లని వెతుకుతోందట. వేసవిలో ఆ దేశంలో ఇనుము ముట్టుకుంటే చర్మం ఊడుతుందట, అందుకని చలికాలం ఆరు నెలలే పని. వీసా కూడా ఆ ఆరు నెలలకే. కంపెనీ పూచీ కాగితం ఇస్తేనే ఆ వీసా వస్తుంది, మళ్ళీ ఏడు వెళ్ళాలంటే మళ్ళీ కాగితం కావాలి. ఊళ్ళో వాళ్ళకి ఇది వింతగా తోచలేదు. కోతలకి మనుషుల్ని పిలిచి, కోతలయ్యాక పంపేయడం మాకు తెలిసిందే. కాకపోతే ఈ కోతకి సముద్రం దాటాలి, అంతే.

మనిషిని పరీక్ష చేసి కాగితం ఇచ్చే పెద్దమనిషి బొంబాయి నుంచి మిల్లుకే వస్తున్నాడన్నారు. ఒక్కొక్కరికి ఒక జత ఇనుప పలకలు ఇస్తాడు. రెండింటినీ అతకాలి. చల్లారాక దాన్ని బిగించి సమ్మెటతో కొడతాడు. వంగితే ఉద్యోగం, విరిగితే ఇంటికి. మావయ్య వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

పరీక్షకి ముందురోజు మిల్లు స్టోరులో ఒక్కొక్కరికి పది రాడ్లు ఇచ్చారు. లోపల ఇనుప చువ్వ, పైన బూడిదరంగు పూత, అదీ రాడ్డంటే. ఆ పూత ఊడినా, దానికి తడి తగిలినా అతుకు చెడుతుంది. అందుకే మావయ్య వాటిని కాగితంలో చుట్టి, పొయ్యి మీద వెచ్చగా ఉండే ఉట్టిలో పెట్టి, "ఇవి ఎవరూ ముట్టకండి. నా బతుకంతా వీటి మీదే ఉన్నాది" అని మరీ మరీ చెప్పి బయటికి వెళ్ళాడు.

ఎందుకు ముట్టకూడదో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. బతుకంతా వాటి మీదే ఉందన్న మాట మా అమ్మమ్మ చెవిలో మరోలా పడింది. బతుకు ఆధారపడిన పనిముట్టుకి స్నానం, పసుపు, బొట్టు లేకుండా పనిలోకి పంపడమా? ఆవిడ ఉట్టి దింపింది. రాడ్ల కట్ట విప్పి, "ఓలమ్మో, ఎంత మురికి పట్టీసి ఉన్నాయో సూడు! బేగి కడిగియ్యే గుంటా" అని నా ముందు పడేసింది.

గిన్నెలు తోమడంలో నాకు ఊళ్ళో మంచి పేరుండేది. చెంబు తోమితే అందులో మొహం చూసుకోవాల్సిందే. నూతి గట్టు మీద రాడ్లన్నీ నీళ్ళ బకెట్టులో పడేసి, కొబ్బరి పీచూ బూడిదా తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి రాడ్డు గట్టిగా తోమేసరికి బూడిదరంగు మురికి పెచ్చులు పెచ్చులుగా ఊడి, కింద తెల్లగా మెరిసే చువ్వ బయటపడింది. నాకు ఎంత సంతోషమో! అలా నాలుగు తోమాను. ఈలోగా బడి స్నేహితురాలు పిలిస్తే, మిగిలిన ఆరూ నీళ్ళలోంచి తీసి అలాగే ఇచ్చేశాను. అమ్మమ్మ అన్నింటికీ పసుపు రాసి, మూడేసి బొట్లు పెట్టి, దేవుడి దగ్గర కాసేపు ఉంచి, తిరిగి కాగితంలో చుట్టి ఉట్టిలో పెట్టేసింది. మావయ్య పొద్దున్నే లేచి, కట్ట విప్పకుండానే గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్ళాడు.

అమ్మమ్మా నేనూ కూడా మిల్లుకి వెళ్ళాం. కంచె ఇవతల నిలబడ్డాం. బొంబాయి దొర తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. దొర అంటే తెల్లవాడేం కాదు, మనవాడే. తెలియని భాష మాట్లాడి కుర్చీలో కూర్చుంటే మా ఊళ్ళో దొరే. ఆయన మాట తెలుగు చేసి చెప్పడానికి మిల్లు మేస్త్రీ పక్కన నిలబడ్డాడు. మావయ్య పేరు పిలిచారు. ఆయన వెళ్ళి, పలకలు సర్దుకుని, కట్ట విప్పాడు.

పసుపూ కుంకుమలతో పది రాడ్లు బయటపడ్డాయి. అందులో నాలుగు తళతళ మెరుస్తున్నాయి.

మేస్త్రీ నోరు తెరిచాడు. "ఏట్రా ఇది? రాడ్లకి పెళ్ళి సేసి తెచ్చినావేటి?" అన్నాడు. వెల్డర్లందరూ గొల్లున నవ్వారు. అమ్మమ్మ మాత్రం అందరికన్నా తన కొడుకు రాడ్లే లక్షణంగా ఉన్నాయని నా భుజం తట్టింది.

మావయ్య పూత ఉన్న రాడ్డు ఒకటి ఏరి అంటించాడు. పోపులో ఆవాలు వేసినట్టు చిటపటమంది. ఆవిరి లేచింది. అంగుళం మేర అతికి, ఆపి, మొహం మీది ముసుగు ఎత్తి చూసుకున్నాడు. అతుకు నిండా సూదితో పొడిచినట్టు సన్నని చిల్లులు. మేస్త్రీ వంగి, "పైన ఇంకో వరస అతుకు ఎట్టీరా, కనపడదు" అని మెల్లగా అన్నాడట. మావయ్య తలెత్తి కంచె వైపు చూశాడు. నేను చటుక్కున అమ్మమ్మ చీర వెనక దాక్కున్నాను. తప్పు చేసినవాడు అలా దాక్కుంటే ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

నాకు ఇప్పుడు ఏం జరుగుతుందో తెలుసు అనుకున్నాను. వేలు చూపిస్తాడు. ఆ ముసలావిడా, ఆ గుంటా నా కొంప ముంచారని పదిమందిలో అంటాడు. అంటే మాత్రం తప్పేముంది? కానీ మావయ్య దొర వైపు తిరిగి, "రాడ్లు తడిసిపోనాయి సార్. పొడిగా ఉంచుకోడం ఎల్డరు పని. తప్పు నాదే" అన్నాడు. ఆరబెట్టుకొస్తాను, కొంచెం వ్యవధి ఇవ్వమన్నాడు. దొర గడియారం చూసుకుని ఏదో అన్నాడు. ఇంకా ముగ్గురు ఉన్నారని, ఆ ముగ్గురి పని అయ్యేలోగా రావాలని, తరవాత తన జీపు విజయనగరం స్టేషనుకి వెళ్ళిపోతుందని మేస్త్రీ చెప్పాడు.

మావయ్య రాడ్లు పట్టుకుని పరుగు తీశాడు. వెనక నేను పరిగెత్తాను. నా వెనక ఏమీ అర్థం కాని అమ్మమ్మ, "ఒరే బాబూ, ఏటైనాదిరా?" అంటూ వస్తోంది.

తిన్నగా వెళ్ళింది మురీల అత్త బట్టీకి. మరమరాలని మా వైపు మురీలంటాం. పెద్ద మట్టి మంగలంలో ఇసక కాల్చి, అందులో బియ్యం వేసి, పుల్లల కట్టతో కలియబెట్టి, పేలగానే జల్లెడ పట్టేది ఆవిడ. ఊరందరికీ ఆవిడ అత్తే. ఆ ఇసకలో ఇనుప చువ్వలు వేస్తానంటే ఊరుకుంటుందా? "నీకేటి మతి పోనాదేటిరా! నా మురీలు ఇనప కంపు కొడితే ఎవుడు తింతాడు?" అని పుల్లల కట్ట ఎత్తింది. మావయ్య రొప్పుతూనే సంగతంతా చెప్పాడు. కువైటు గురించి, వీసా గురించి ఆవిడకేమీ పట్టలేదు. తడి పోవాలి, పైపూత మాడకూడదు అన్న మాట మాత్రం పట్టుకుంది. "అది నాకు సెప్తావేటి? నలబయ్యేళ్ళ నుండీ సేస్తన్నది అదే" అని మావయ్యని పక్కకి తోసి, రాడ్లు లాక్కుంది.

అప్పుడు నేను ఏడుపు లంకించుకున్నాను. "నేనే మావయ్యా, నేనే తోమీసినాను" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "ఎన్ని తోమినావు కోడలా?"

"నాలుగు."

"మిగతావి తోమనేదు కదా?"

"నేదు. ఆడుకోడానికి ఎల్లిపోనాను."

"అయితే ఆరున్నాయి. మూడు సాలు. ఏడుపు ఆపి జల్లెడ పట్టుకో."

అంతే. నేను ముక్కు తుడుచుకుని జల్లెడ పట్టుకున్నాను. అత్త ఇసకలోకి బియ్యం గింజ ఒకటి విసిరి, అది ఎగిరే తీరు చూసి, మంట కాస్త వెనక్కి లాగి, రాడ్లని ఇసకలో పూడ్చింది. కాసేపటికోసారి పొర్లించింది. మావయ్య రెండు చువ్వలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొద్దు చప్పుడు వచ్చింది, ఇంకా తడి ఉందన్నమాట. మళ్ళీ పూడ్చారు. మూడోసారి కొట్టినప్పుడు ఖంగుమంది. ఆ శబ్దానికి అత్త మొహం ఎంత వెలిగిపోయిందంటే, కువైటు వెళ్ళేది ఆవిడే అనిపించింది. రాడ్లని జల్లెడలో జల్లించి, వేడి తగ్గకుండా మురీల సంచిలో దోపి ఇచ్చింది. అందులో సగం మురీలున్నాయి. తీసేంత తీరిక లేదు.

మేం వెళ్ళేసరికి దొర జీపులో ఒక కాలు పెట్టేశాడు. చివరి మనిషి పలక విరిగి రెండు ముక్కలై కింద పడి ఉంది. మావయ్య మురీల సంచి బల్ల మీద బోర్లించి, రాడ్లు ఏరుకుని, ముందు చిల్లులు పడిన అతుకునంతా ఉలితో చెక్కి తీసేశాడు. అప్పుడు అంటించాడు. ఈసారి చిటపటలు లేవు, నూనెలో గారె వేగుతున్నట్టు ఒకటే చప్పుడు. దొర జీపులోంచి కాలు కిందికి దించి, వచ్చి నిలబడ్డాడు. నిలబడ్డవాడు ఊరికే ఉండలేక బల్ల మీది మురీలు నోట్లో వేసుకోవడం మొదలుపెట్టాడు.

చల్లారాక పలక బిగించారు. సమ్మెట దొరే తీసుకున్నాడు. మొదటి దెబ్బకి నేను కళ్ళు మూసుకున్నాను. రెండో దెబ్బ, మూడో దెబ్బ వినిపించాయి. నాలుగో దెబ్బ తరవాత సమ్మెట కింద పెట్టిన చప్పుడైంది. కళ్ళు తెరిస్తే పలక కొడవలిలా వంగి ఉంది. అతుకు అతుకుగానే ఉంది. దొర కాగితం మీద మావయ్య పేరు రాసుకుని, మిగిలిన మురీలన్నీ జేబు రుమాల్లో మూట కట్టుకుని జీపెక్కాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మమ్మ అందరికీ ఒకటే మాట చెప్పింది. తను బొట్టు పెట్టకపోతే ఆ పలక విరిగిపోయేదట. నేను ఆవేశంగా నోరు తెరవబోయాను. మావయ్య నా కాలు మీద కాలేసి నొక్కి, "నీ పూజ వల్లేనే అమ్మా" అన్నాడు. కాగితం వచ్చింది. ఆయన వెళ్ళాడు. ఆరు నెలలకోసారి వస్తూ పోతూ ఏడు సీజన్లు పనిచేశాడు. ప్రతి ప్రయాణానికి ముందూ అమ్మమ్మ రాడ్లు అడిగేది. కంపెనీ వాళ్ళే అక్కడ ఇస్తారని చెప్పి, ఆయన మొహం ముసుగు ఆవిడ ముందు పెట్టేవాడు. కువైటులో నుదుట మూడు బొట్లున్న ముసుగు వేసుకుని పనిచేసిన వెల్డరు ఆయన ఒక్కడే అయి ఉంటాడు.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. మావయ్య మంచితనం గురించి, ఆయన ఓర్పు గురించి ఎన్ని తరగతుల్లో ఎంత గొప్పగా చెప్పానో లెక్కలేదు. ఆయన ముసలివాడయ్యాక ఒకసారి చూడ్డానికి వెళ్ళి, ఆ రోజు నన్ను ఒక్క మాటైనా అనకుండా ఎలా ఉండగలిగావు మావయ్యా అని అడిగాను. కళ్ళలో నీళ్ళు పెట్టుకునే అడిగాను.

ఆయన బోసినోటితో నవ్వాడు. "నిన్ను సితక్కొట్టీయాలనే ఉన్నాదే కోడలా! టైమేదీ? జీపు ఎల్లిపోతాది కదా. పనయ్యాక తిడదారి అనుకున్నాను. పనయ్యేతలికి ఆ కోపం ఎక్కడ పోనాదో కనపడనేదు."

ఆ మాట విన్నాక నేను తరగతుల్లో ఓర్పు గురించి చెప్పడం మానేశాను. నాకు పుట్టుకతోనే కోపం ఎక్కువ, ఇప్పటికీ తగ్గలేదు. పిల్లలు జవాబు పత్రాల మీద సిరా ఒలకబోసినా, మనవరాలు నా కళ్ళజోడు మీద కూర్చున్నా, ఒళ్ళు భగ్గుమంటుంది. తిట్టడం ఎక్కడికీ పోదు, ముందు మిగిలినవేవో చూద్దామని వంగి ఏరుకోవడం మొదలుపెడతాను. అప్పటినుంచీ తరవాత తిడదామని అలా దాచిపెట్టుకున్న తిట్లు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు.