అన్నం మానిన ఓబులేసు

1958 జూన్ 9వ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిదిన్నర గంటలకు ఓబులేసు రెండోసారి నా బల్ల ముందుకు వచ్చాడు. గిద్దలూరు తాలూకాలోని ఒక చిన్న ప్రభుత్వ వైద్యశాలలో అసిస్టెంట్ సర్జనుగా నేను చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆ తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. హోదాలో సర్జన్ అన్న మాట ఉన్నా, నేను కోసేవి గడ్డలే. పెద్ద ఆపరేషన్లకు రోగులను కర్నూలుకు పంపేవాళ్ళం.

ఓబులేసు గొర్రెల కాపరి. కడుపులో పుండుకు కర్నూలులో ఆపరేషను చేసి, జీర్ణాశయంలో సగానికి పైగా తీసివేసి, మిగిలిన భాగాన్ని చిన్నపేగుకు అతికారు. అలాంటి కడుపులో ఒకసారికి గుప్పెడు కంటే ఎక్కువ పట్టదు. మే నెలలో ఇంటికి వచ్చినప్పుడు అతడు ఇంగ్లీషులో ఉన్న డిశ్చార్జి కాగితం తెచ్చాడు. దాన్ని తెలుగులో చెప్పింది నేనే: రెండు నెలలు అన్నం మానాలి, పాలు, మజ్జిగ, జావ కొద్దికొద్దిగా పుచ్చుకోవాలి. అతడూ భార్య లింగమ్మా తలలూపారు.

ఇప్పుడు రోజూ వాంతులు. తిన్న కాసేపటికి చెమటలు, గుండెదడ. మూడు వారాల్లో ఎనిమిది పౌండ్లు తగ్గాడు. అన్నం తిన్నావా అని అడిగాను.

"నువ్వు చెప్పినకాడ్నుంచి ఒక్క మెతుకు ముట్టలేదు సామీ," అన్నాడు. లింగమ్మ గంగమ్మ తల్లి మీద ఒట్టేసింది.

వార్డులో చేర్చుకుని మూడు రోజులు పాలూ జావా ఇప్పించాను. ఒక్క వాంతి లేదు. ఇంటికి పంపాను. శనివారానికి మళ్ళీ వాంతులతో వచ్చాడు. నాకు ఏమీ బోధపడలేదు. అతుకు దగ్గర దారి సన్నబడిందేమో అనుకున్నాను. అదే అయితే వార్డులో ఉన్న మూడు రోజులు ఎలా తెరుచుకుంది? పాఠ్యపుస్తకంలో జవాబు దొరకలేదు. చివరకు, కర్నూలు పంపుతాను, మళ్ళీ ఆపరేషను చేయవలసి రావచ్చు అన్నాను.

"ఇంగోసారి కోస్తే నేను తిరిగి రాను సామీ. ఇంట్లనే పోతా," అన్నాడు ఓబులేసు.

అతడి ఒంట్లో రెండో కోతకు తట్టుకునే సత్తువ లేదని నాకూ తెలుసు. అయినా పరిచయ లేఖ మొదలుపెట్టాను. అందులో ప్రస్తుత ఆహారం రాయాలి. పొద్దున లేచింది మొదలు ఏమేం తింటాడని లింగమ్మను అడిగాను.

"ఏముంది సామీ, పొద్దున సంగటి, మాపు సంగటి."

కలం ఆగిపోయింది. అన్నం మానాడన్నావే అన్నాను.

"అన్నం మా ఇంట్ల పండగనాడే గదా! దాన్ని మాననీకి నువ్వు చెప్పాల్నా?"

కాంపౌండరు దేవదాసు నవ్వు ఆపుకోలేక మందుల గదిలోకి వెళ్ళిపోయాడు.

అక్కడ అన్నమంటే వరి అన్నం. రాగిపిండి కెలికి చేసే సంగటి వేరు. దాన్ని నమలరు, ముద్దలుగా మింగుతారు. ఆ ముద్దలే కోసి అతికిన కడుపులో పడుతున్నాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. మా నాయన జీవితమంతా సంగటి తిన్నవాడే. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. హాస్టలు భోజనాల మధ్య అన్నమంటే తిండి అని అలవాటు పడ్డాను.

ఇక సంగటి పూర్తిగా మానమన్నాను. ఓబులేసు తల వంచుకున్నాడు. "ఆకలి కాదు సామీ. కడుపు చాలంటాది, నోరు ఒప్పుకోదు. సంగటి కెలికే వాసనొస్తే కాళ్ళు అటే పోతాయి."

"మానిపిస్తే చాటుగా తింటాడు సార్," అన్నాడు తిరిగి వచ్చిన దేవదాసు.

అతడి మాటే సబబనిపించింది. రోజుకు ఆరుసార్లు జావ. అందులో రెండుసార్లు ఉసిరికాయంత మెత్తటి సంగటి, అదీ బాగా నమిలి. ఆ చిన్న కడుపు ఒక్కసారిగా నిండిపోకుండా, తినేటప్పుడు మజ్జిగ తాగకూడదు అని చెప్పాను.

"సంగటి నమిల్తే ఊర్లో నవ్వరా?" అన్నాడు ఓబులేసు.

"నవ్వితే నవ్వనీ. కర్నూలు బండెక్కితే ఏడ్చేది నేను గదా," అంది లింగమ్మ.

పది రోజుల్లో వాంతులు ఆగాయి. ఆగస్టుకు పోయిన తూకం తిరిగి వచ్చింది. చెమటలూ గుండెదడా ఎందుకు వచ్చేవో నాకు అప్పటికీ సరిగా అర్థం కాలేదు. లేఖ సగంలోనే ఉండిపోయింది.

ఆ తరువాత సర్వీసంతా ఏ రోగికీ అన్నం మానమని చెప్పలేదు. ముందు ఏం తింటావని అడిగి, అతడు చెప్పిన పేర్లనే చీటీ మీద రాశాను.