మగ్గం ఆపమని వచ్చిన సందేశం

నేను రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, జూలైలో మొదలయ్యే తమిళ ఆడి మాసంలో, గుడియాత్తం చేనేత సంఘం పని నాకు అప్పగించారు. అప్పుడు నేను వేలూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సీనియర్ సిస్టమ్స్ అనలిస్టును. నా కింద ఇద్దరు ప్రోగ్రామర్లు ఉండేవారు. ఇద్దరూ పెద్ద పనుల్లో ఉండడంతో ఈ చిన్న పని నేనే చేస్తానన్నాను. చాలా ఏళ్ళ తర్వాత నా చేత్తో నేను కోడు రాసిన పని అది. అందుకే అంత బాగా గుర్తుంది.

సంఘం వాళ్ళు రోజూ ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఒక మగ్గం ముందు ఫోను నిలబెట్టి, నేతను ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపించేవారు. చూసేవాళ్ళు పక్కనే సందేశాలు రాయవచ్చు. లుంగీ కావాలన్నవాళ్ళు రంగు, కొలత అందులోనే రాసేవారు. వందల సందేశాల్లో ఆర్డర్లు కొట్టుకుపోతున్నాయని సంఘం గుమాస్తా ఏకాంబరం మా ఆఫీసుకు వచ్చి మొర పెట్టుకున్నాడు.

లైవ్ చూపించే ఇలాంటి సర్వీసులు తమ సమాచారాన్ని బయటి ప్రోగ్రాములకు ఇవ్వడానికి ఒక దారి పెడతాయి. ఆ దారిలో వెళ్ళాలంటే తాళంచెవి లాంటి ఒక సంకేతం ఉండాలి. రోజుకు ఎన్నిసార్లు అడగవచ్చో హద్దు కూడా ఉంటుంది. ఇదంతా మొదటినుంచి రాసుకోనక్కరలేకుండా ఎవరో ముందే రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాముల కట్టను మేము లైబ్రరీ అంటాం. నేను ఒక పైథాన్ లైబ్రరీని తీసుకున్నాను. అది పది సెకండ్లకు ఒకసారి సర్వీసును అడిగి కొత్త సందేశాలు తెచ్చేది. ఒక్కో సందేశంతో నాలుగు వివరాలు వచ్చేవి: సమయం, రాసినవాళ్ళు పెట్టుకున్న పేరు, వాళ్ళ ఖాతా సంఖ్య, రాసిన మాట. పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఖాతా సంఖ్య మారదు.

ఆ సందేశాలను వేరుచేసే జల్లెడ నేను రాశాను. ధర, రంగు, కొలత, పంపే చోటు గురించిన తమిళ, ఇంగ్లీషు మాటలు ఒక జాబితాగా పెట్టాను. ఆ మాటలున్నవి ఆర్డర్ల పట్టికకు వెళ్తాయి. తక్కినవన్నీ ‘ఇతరం’ అనే ఫైలులో పడతాయి. దాంట్లో ఏముంటాయని ఏకాంబరం అడిగితే, దండాలు, పువ్వుల బొమ్మలు, పొగడ్తలు అని చెప్పాను.

“ఆర్డరు మట్టుం వస్తే పోదుం మేడమ్. తక్కినదంతా మనకి యేల?” అని, ఆర్డర్లు మాత్రం వస్తే చాలన్నాడు.

పద్ధతి ప్రకారం మొదటి నెలాఖరున ఆ ఫైలు తెరిచి, జల్లెడ ఏదైనా ఆర్డరును పొరపాటున వదిలేసిందేమో చూడాలి. ఆర్డర్లు బాగానే వస్తున్నాయి కదా అని నేను వాయిదా వేశాను. ఐదు నెలల తర్వాత, వారంలో ఒప్పంద కాలం ముగుస్తుందనగా తెరిచాను.

నేననుకున్నట్టే అన్నీ దండాలూ పువ్వులూ. వాటి మధ్య తమిళ అక్షరాల్లో, ఏ తమిళానికీ అందని వాక్యాలు కనిపించాయి. తప్పుగా కొట్టినవేమో అనుకుని ఒకటి పైకి చదివాను. నా నోట తెలుగు వచ్చింది. మా అమ్మ మాట్లాడిన తెలుగు. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందికి తెలుగు లిపి రాదు, రాయాల్సి వస్తే తమిళ అక్షరాల్లోనే రాసుకుంటారు. పుట్టి పెరిగింది ఆ ఇళ్ళ మధ్యే అయినా, నా మాటల జాబితాలో ఒక్క తెలుగు మాట పెట్టాలని నాకు తోచలేదు. ఆఫీసులో తెలుగు నాకు ఎప్పుడూ పనికొచ్చే భాష కాలేదు.

పేర్లు మారుతున్నాయి గానీ ఖాతా సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్యతో వచ్చినవన్నీ వరసగా పేర్చాను.

“యెడమ అంచులో పోగు తెగినాది. చూసుకో.”

“నాడెకి రవంత నూనె పెట్టు. శబ్దం మారినాది.”

“నాయన కూర్చునే పక్కే కూర్చోనుండావు.”

“నడుము నొస్తాందా అక్కా? మాటికి మాటికి లేస్తాండావు.”

ఇలా నాలుగు నెలలపైన. చివరికి రెండు వారాల కిందటి సందేశం: “నా మాట నీకి యెవురన్నా చదివి చెప్తాండారా? చెప్తాంటే ఒగ తూరి మగ్గం ఆపు. నాకి తెలుస్తాది.” దాని తర్వాత ముప్పావుగంటకు ఇంకొకటి: “ఆపలేదు. సరే.”

ఆ తర్వాత ఆ సంఖ్య నుంచి ఏమీ రాలేదు.

ఆ రోజు వీడియో సర్వీసులోనే దాచి ఉంది. తెరిచి చూశాను. ఆ ముప్పావుగంటలో ఒక్క పోగూ తెగలేదు. మగ్గం ఒక్కసారీ ఆగలేదు.

మర్నాడు సందేశాలన్నీ కాగితం మీదికెక్కించుకుని గుడియాత్తం బస్సెక్కాను. ఆ మగ్గం మీద నేసే ఆమె సరోజమ్మ, అరవై దాటిన మనిషి. వాళ్ళ ఇంట్లోనే తండ్రి వదిలిపోయిన గుంట మగ్గం అది. లైవ్ అయిపోయాక ఆమె పక్కన కూర్చుని, ఏకాంబరం వింటుండగా, మొదటినుంచి చదివాను. మూడోది చదివేసరికి ఆమె నన్ను ఆపింది.

“కనక,” అంది. “మా చెల్లెలు. రేటు చూసేవాళ్ళు అంచు చూడరమ్మా. అంచు చూసేది అదే.”

ఇద్దరూ ఆ ఇంట్లోనే పని నేర్చుకున్నారు. అక్క నేసేది. మగ్గం మీద నిలువుగా కట్టిన పాత పడుగు అయిపోగానే, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పాత కొసలకు మెలిపెట్టి అతికేది చెల్లెలు. వేల పోగులు. ఆ పనిలో కనక చెయ్యి ఎంత చురుకో చెప్పేటప్పుడు సరోజమ్మ వేళ్ళు తమకు తామే మెలితిరిగాయి. ఇరవై ఏళ్ళ కిందటి పైమాటే, పళ్ళికొండ హోటళ్ళ దగ్గర లారీ ఆపుకునే ఒక డ్రైవరును కనక ఇష్టపడి వెళ్ళి పెళ్ళి చేసుకుంది. మూడో రోజు పొద్దున్నే వచ్చి తలుపు తట్టింది. తలుపు తెరుచుకోలేదు. తర్వాత హోసూరులో ఉన్నారని ఒకసారి విన్నారు. అంతే.

“దాని అడ్రసు తీసియ్యమ్మా,” అంది సరోజమ్మ.

సర్వీసు చిరునామా ఇవ్వదని, ఫోను నంబరు కూడా ఇవ్వదని, లైబ్రరీ ఎంత మంచిదైనా సర్వీసు ఇచ్చినదే తెస్తుందని చెప్పాను. ఇచ్చినా మరొకరి ఆచూకీ తీయడం మా నిబంధనలకు విరుద్ధమని కూడా అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. “ఇన్ని నెల్లు దాని మాట నాకి చేరకుండా దాచిపెట్టినావు. ఇప్పుడు రూలు చెప్తాండావా?”

ఉద్యోగంలో పైఅధికారులు నన్ను చాలాసార్లు నిలదీశారు. ఏదో ఒక కారణం చెప్పగలిగేదాన్ని. ఆ రోజు కారణం వెతక్కుండా కాగితాలు ఆమె ఒడిలో పెట్టాను.

ఏకాంబరం ఒక ఉపాయం చెప్పాడు. “ఉచితంగా లుంగీ ఇస్తామని చెప్దాం మేడమ్. అందురూ అడ్రసు రాస్తారు. ఆమె కూడా రాస్తాది.”

“వేండాం అప్పా,” అని వద్దనేసింది సరోజమ్మ. “బొంకి పిలిస్తే అది రాదు. నేనే చెప్తా.”

మర్నాడు ఉదయం పది గంటలకు నేనూ అక్కడే ఉన్నాను. ఫోను స్టాండు మీద పెట్టి ఏకాంబరం తల ఊపాడు. సరోజమ్మ పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను పట్టుకోలేదు. కెమెరా ఎక్కడుందో సరిగ్గా తెలియక, స్టాండు వైపు చూస్తూ మాట్లాడింది.

“కనకా, నీ మాటలు నిన్నటిదాకా నాకి యెవురూ చదవలేదు. నిన్న చదివినారు. ఆ పొద్దు తలుపు గడియ నాయన యెయ్యలేదు. నేనేసినా. తియ్యమని నాయన చెప్తానే ఉండాడు. నేను తియ్యలేదు. నువ్వు పోతే నా పక్కన కూర్చోని పడుగు అతికేదానికి యెవురుండారని కోపం. అంతే.”

తర్వాత మగ్గం నడిపింది. పదకొండు గంటలకు ఆపింది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కొంచెంసేపు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. చూసేవాళ్ళు ‘నెట్ పోయిందా?’ అని తమిళంలో అడుగుతున్నారు. నేను లాప్‌టాప్‌లో ఆ ఖాతా సంఖ్య కోసం చూస్తున్నాను. పన్నెండు దాకా రాలేదు.

ఆ వారంలో జల్లెడ మార్చాను. తమిళ లిపిలో రాసే తెలుగు మాటలు చేర్చాను. ప్రోగ్రాముకు అర్థం కాని ప్రతి సందేశమూ విడిగా తెర మీదికి వచ్చేట్టు, ఏకాంబరం దాన్ని పైకి చదివేట్టు ఏర్పాటు చేశాను. ఆ ఒక్క సంఖ్య వస్తే నా ఫోనుకు సంకేతం వచ్చేట్టు పెట్టాను. ఇది ఒప్పందంలో లేదు. సంఘం కార్యదర్శి చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను.

సరోజమ్మ రోజూ పదకొండుకు మగ్గం ఆపేది. పని నిలుస్తుందని కార్యదర్శి మొదట గొణిగి, తర్వాత ఊరుకున్నాడు. ఒప్పందం అయిపోయినా నెలకోసారి నేను వెళ్ళినప్పుడు ఆమె నన్ను ఏమీ అడిగేది కాదు. నా మొహం చూసి తనే తల తిప్పుకునేది. అంతకంటే అడిగితేనే బాగుండేదనిపించేది.

నేను రిటైరయ్యాను. దండ వేశారు, ఫోటో తీశారు. ఆ ఒక్క ప్రోగ్రామును మాత్రం కార్యదర్శి అనుమతితో మా ఇంటి కంప్యూటర్లో నడుపుకున్నాను. ఇంటిపట్టున ఉండడం నాకు చేతకాలేదు. పది కాగానే ఆఫీసు మెట్లు, ప్రింటరు చప్పుడు, టీ కప్పులు గుర్తొచ్చేవి. అప్పుడు లైవ్ పెట్టుకునేదాన్ని. ఈలోగా ఆ లైబ్రరీ రాసినాయన దాన్ని నిర్వహించడం మానేశాడు. సర్వీసు తన దారి మార్చుకుంది. ప్రోగ్రాము ఆగిపోయింది. మరో లైబ్రరీకి మార్చడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో కనక రాస్తే ఎలాగన్న భయంతో, పది నుంచి పన్నెండు దాకా సందేశాలన్నీ కళ్ళతోనే చదువుతూ కూర్చున్నాను. రాయలేదు.

మరో నాలుగు నెలలకు, ఒక ఉదయం పదిన్నరకు ఫోనులో నేను పెట్టుకున్న సంకేతం మోగింది. ఆ సంఖ్యే. నేను లైవ్ తెరిచేసరికి ఏకాంబరం అప్పటికే చదువుతున్నాడు.

“గడియ సంగతి నాకి అప్పుడే తెలుసు అక్కా. తలుపు సందులో నీ గాజులు కనపడినాయి.”

సరోజమ్మ మగ్గం ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చూసేవాళ్ళు మళ్ళీ నెట్ గురించి అడగడం మొదలుపెట్టారు. కాసేపటికి రెండో సందేశం వచ్చింది: “యెడమ అంచు ఇప్పుడు బాగుండాది.”

ఆ వారమే నేను గుడియాత్తం వెళ్ళాను. ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది కదా, ఎక్కడున్నావని అడగవచ్చు కదా అన్నాను.

“గడియ సంగతి తెలిసి కూడా ఇన్నేండ్లకి నన్ను చూసేదానికి వచ్చినాది అది,” అంది సరోజమ్మ. “యాడుండావని అడిగే హక్కు నాకి లేదమ్మా. చెప్పాల్సింది అది. చెప్పేదాకా నేస్తాంటా.”

ఇది రాసేనాటికి కనక చెప్పలేదు. వారానికి ఒకటో రెండో సందేశాలు వస్తాయి. ఎక్కువగా నేత గురించే. తన వేళ్ళు ఇప్పుడు పోగు మెలిపెట్టలేవని ఒకసారి రాసింది. ఏకాంబరం అన్నీ చదువుతాడు. సరోజమ్మ మగ్గం దగ్గరినుంచే జవాబు చెబుతుంది.

కంపెనీలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉండేది. ఎన్నో పట్టికల్లో, ఎన్నో జాబితాల్లో చివరి గడికి ‘ఇతరం’ అని పేరు పెట్టాను. అక్కడ పడేదంతా పనికిరానిదనే అనుకున్నాను. నిజానికి అక్కడ పడేవి ప్రోగ్రాము రాసిన మనిషికి తోచనివి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగితే ఒక్కటే చెబుతాను: ఆ ఫైలును మొదటి వారంలోనే తెరవండి, ప్రతి వరుసా పైకి చదవండి, అర్థం కానిదాన్ని అర్థమయ్యే మనిషికి చూపించండి. నేను ఆ పని ఐదు నెలలు ఆలస్యంగా చేశాను.