వేగం తగ్గించే మీట

చాలా ఏళ్లుగా గుండెల మీద ఒక బండ మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక. ఎలా మొదలుపెట్టాలా అని పొద్దుటి నుంచీ తంటాలు పడుతున్నాను. సరే, సూటిగా చెప్పేస్తాను. సత్యవేణికి దక్కాల్సిన ఉద్యోగం నేను కాజేశాను.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. సత్యవేణికీ లేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, రాజమండ్రిలో చూపులేని వాళ్లకు కంప్యూటర్ నేర్పే ఒక చిన్న సంస్థలో కలిశాం. తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రాం కొనే స్తోమత ఆ సంస్థకు లేదు. ఉచితంగా ఇచ్చిన నమూనా కాసేపు పలికి మూగబోయేది. మళ్లీ కంప్యూటర్ ఆపి వేసుకోవాలి. చివరికి ఎవరో పుణ్యాత్ముడు వచ్చి, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే ఉచిత వ్యవస్థ ఎక్కించి పెట్టాడు. అందులో చదివే గొంతుకి డబ్బు కట్టక్కర్లేదు, మధ్యలో ఆగిపోదు. కాకపోతే ముక్కుతో ఇంగ్లీషు మాట్లాడుతుంది. మేం దానికి డబ్బా మావయ్య అని పేరు పెట్టుకున్నాం.

ముందు నేను నేర్చుకున్నాను. తర్వాత సత్యవేణికి నేనే నేర్పాను. ఆత్రేయపురం బస్సు దిగి వచ్చేది. తెల్లారగట్ల ఇంట్లో పూతరేకులు మడతపెట్టి వచ్చేదేమో, చేతులు నెయ్యి వాసన వేసేవి. ఆ చేతులు మీటల మీద నాకన్నా శుభ్రంగా నడిచేవి. తప్పు కొట్టేది కాదు. కొత్తవాళ్లకు ఏదైనా చెప్పాల్సి వస్తే విసుక్కోకుండా చెప్పేది. నేను విసుక్కునేదాన్ని.

ఒక్క విషయంలోనే నాది పైచేయి. మా వాళ్లలో ఒక గొప్ప ఉంది. ఆ గొంతును ఎంత వేగంగా వినగలిగితే అంత ఆరితేరినట్టు. అలవాటు పడ్డ చెవికి అది మాట. మిగతావాళ్లకు మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది. సత్యవేణి ఇంకా నెమ్మదిగానే వినేది. ఆమె కూర్చునే ముందు ప్రతిసారీ నేనే చెయ్యి చాపి వేగం తగ్గించేదాన్ని. ఏ మీటలు నొక్కాలో మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అప్పటికి నా మనసులో ఏ దురుద్దేశమూ లేదనే అనుకుంటాను. ఏదో ఒకటి నా చేతిలోనే ఉండాలన్న కక్కుర్తి, అంతే.

ఆ సంస్థలోనే నేర్పడానికి ఒకరు కావాలన్నారు. జీతమున్న ఉద్యోగం. ఇద్దరం అడిగాం. ఇది వస్తేనే ఇక మీద రాజమండ్రికి రానిస్తానని, లేకపోతే ఇంటిపట్టునే ఉండాలని సత్యవేణి అన్నయ్య తేల్చి చెప్పాడు. నాకూ ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, అన్నయ్య మాట ఆమె చెబుతుంటే జాలి పడాల్సింది పోయి, లోపల లెక్కలు వేసుకున్నాను.

పరీక్ష రోజు కమిటీ పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఒక ఉత్తరం తెరిచి, అందులో తప్పులు దిద్ది, భద్రపరచాలి. ముందు నేను. డబ్బా మావయ్యను ఉన్నంత వేగానికీ పెంచి, టకటకా దిద్దేశాను. పెద్దలు ముచ్చటపడ్డారు. లేవబోతూ వేగం తగ్గించడానికి అలవాటుగా చెయ్యి చాపాను. వేలు ఆ మీట దాకా వెళ్లింది. వెనక్కి వచ్చేసింది.

మరిచిపోయానని నాకు నేను చెప్పుకోవాలని ఎన్నిసార్లు చూశానో. కుదరదు. వేలికి తెలుసు.

సత్యవేణి కూర్చుంది. గొంతు గలగలమంది. నేను వెనక కుర్చీలో ఉన్నాను. ఆ గదిలో ఆ మాటలు అర్థమైనది నాకొక్కదానికే. ఉత్తరం తెరుచుకుంది, మొదటి వరుసలో ఉన్నావు అని చెబుతోంది. ఆమెకు కావాల్సినదే చెబుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"చాలా వేగంగా ఉందండి," అంది సత్యవేణి.

కమిటీ సెక్రటరీ గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, నీకూ ఇలాగే పలికిందా?"

"అవునండి. ఇలాగే పలికింది."

చూశారా, అబద్ధం కాదు. ఇన్నేళ్లూ ఆ ఒక్క ముక్క పట్టుకునే వేలాడాను. కాని వేగం తగ్గించాలండి అని ఒక్క మాట అంటే సరిపోయేది, అలా ఎందుకు చెప్పాను? అబద్ధమైతే ఎప్పుడో ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

బయటికి వచ్చాక వరండాలో నా చెయ్యి పట్టుకుంది. "నీ చెవులే చెవులక్కా. ఇన్నాళ్లు నేర్పావు, నీ పరువు తీసేశాను," అని ఏడ్చింది. నేను ఓదార్చాను. సిగ్గు లేకుండా వీపు నిమిరి మరీ ఓదార్చాను. ఉద్యోగం నాకే ఇచ్చారు. మర్నాటి నుంచి ఆత్రేయపురం బస్సులో ఆమె రాలేదు. నా పెళ్లికి మాత్రం పూతరేకులు పంపింది. అందరూ ఆవురావురుమంటూ తిన్నారు. నా వాటా పక్కవాళ్లకు పెట్టేశాను.

అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ఎవరికైనా మొట్టమొదట నేర్పేది వేగం తగ్గించే మీటే. ఎంత ఓపికండీ మేడం గారికి అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, నా మీద నాకే. ఇలా నేర్పినంత మాత్రాన సత్యవేణి పోగొట్టుకున్నది తిరిగి రాదని తెలుసు. ఆమె ఫోన్ నంబరు ఉంది. చేస్తాననే అనుకుంటున్నాను. క్షమిస్తుందో, తిట్టి పెట్టేస్తుందో, అది ఆమె ఇష్టం.

ఇప్పుడు డబ్బా మావయ్యకు తెలుగు కూడా వచ్చింది. ఇంట్లో ఏం రాసుకున్నా ఆవాల వేగంతోనే వింటాను కాబట్టి, పక్కనే ఉన్నా మా ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇందాక ఈ రాసినదంతా మొదటి నుంచి వినిపించుకుందామని, సత్యవేణి వినే వేగానికి తగ్గించి పెట్టాను. ప్రతి మాటా విడివిడిగా, స్పష్టంగా పలికింది. పరీక్ష గది దగ్గరికి వచ్చేసరికి వంటింట్లో మా ఆయన గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. వింటున్నారు.

నా వేలు వేగం పెంచే మీట దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. డబ్బా మావయ్య నెమ్మదిగా చదువుకుంటూ పోయాడు. నాకు హాయిగా ఊపిరి ఆడింది.